ఒకే తాత, మూడు ఆల్బమ్‌లు, మూడు గతులు: మింట్ స్టాంపులు ఎట్ల దాచుకోవాలె?

ముందుగాల నా చేతిల ఉన్న ఈ మూడు కవర్లు చూడండి. మూడింట్ల ఉన్నది ఒకటే స్టాంపు. 1972ల వచ్చిన వేమన స్టాంపు, ఇరవై పైసలది. మూడింటినీ ఒకటే రోజు, ఒకటే పోస్టాఫీసుల, ఒకటే మనిషి కొన్నడు. ఆ మనిషి మా అమ్మవాళ్ళ నాయిన, మా తాత.

మొదటి కవర్ల ఉన్నదానికి గోధుమరంగు మచ్చలు పడ్డయ్. రెండోది ప్లాస్టిక్‌కు అతుక్కపోయింది, తీయబోతే బొమ్మ మీది రంగే లేచింది. మూడోది చూడండి, నిన్న పోస్టాఫీసుల కొన్నట్టు ఉన్నది. వెనుక బంక అట్లనే మెరుస్తున్నది.

యాభై ఏండ్ల స్టాంపు ఒక ఇంట్ల బతికింది, రెండిండ్లల్ల చచ్చింది. ఎందుకు? ఇయ్యాల ఎపిసోడ్ అంతా దాని గురించే. రెండో కవర్ల ఉన్నదాన్ని చంపింది నేనే. అది కూడా చెప్తా.

తాత లెక్క

మా తాత కోరుట్లల సర్కారు బడి పంతులు. స్టాంపుల పిచ్చి. కొత్త స్టాంపు వచ్చిందని తెలిస్తే పోస్టాఫీసుకు పోయి నాలుగు స్టాంపులు కలిసి ఉన్న ముక్క కొనేటోడు. దాన్ని బ్లాక్ అంటరు. అదీ ఒకటి కాదు, మూడు బ్లాకులు. ఎందుకంటే ఆయనకు ముగ్గురు పిల్లలు. వేమన స్టాంపులు మూడు బ్లాకులంటే పన్నెండు స్టాంపులు, రెండు రూపాయల నలభై పైసలు. 1969ల గాంధీ శతజయంతికి నాలుగు స్టాంపులు వచ్చినయ్: ఇరవై పైసలు, డెబ్బై ఐదు పైసలు, ఒక రూపాయి, ఐదు రూపాయలు. తాత ఇరవై పైసలది ఒక్కటే కొన్నడు. ఐదు రూపాయలది పన్నెండు కొంటే అరవై రూపాయలు. పంతులు జీతంల అది అయ్యే పని కాదు.

అట్ల మూడు ఆల్బమ్‌లు తయారైనయ్. నల్ల పేజీలు, మీద సన్నటి పారదర్శక పట్టీలు, ఆ పట్టీల వెనుకకు స్టాంపు జారవిడిచే పాత రకం స్టాక్‌బుక్కులు. వేమన, టంగుటూరి ప్రకాశం, కందుకూరి వీరేశలింగం, 1975 ప్రపంచ తెలుగు మహాసభల స్టాంపు, 1986ల అల్లూరి సీతారామరాజు, అన్నీ మూడేసి బ్లాకులు. తాత పోయినంక ఒక ఆల్బమ్ కోరుట్లల మామకు, ఒకటి జగిత్యాలల మా అమ్మకు, ఒకటి సిరిసిల్లల చిన్నమ్మకు పోయింది. పోయినేడాది మూడింటినీ ఒక టేబుల్ మీద పెట్టి చూసినం. నేను సాఫ్ట్‌వేర్ల పనిచేసినోణ్ణి కదా, చూడంగనే నాకు టెస్టింగ్ గుర్తొచ్చింది. ఇన్‌పుట్ ఒకటే, మారింది ఇల్లు ఒక్కటే.

మింట్ అంటే బొమ్మ కాదు, బంక

కొత్తగా చూసేటోళ్ళకు ఒక్క ముక్క. మింట్ స్టాంపు అంటే ముద్ర పడనిది, వాడనిది, వెనుక బంక ఎట్ల అచ్చయి వచ్చిందో అట్లనే ఉన్నది. వాడిన స్టాంపుకు బంక ఎట్లాగూ ఉండదు, నీళ్ళల్ల నానబెట్టి కవర్ నుంచి తీస్తం కాబట్టి దాన్ని దాచుడు సులువు. మింట్ అట్ల కాదు. వెనకటికి ఆల్బమ్‌ల పెట్టటానికి హింజ్ అని చిన్న కాగితం ముక్కను తడిచేసి స్టాంపు వెనుక అతికించేటోళ్ళు. ఆ గుర్తు బంక మీద ఉండిపోతది. అందుకే హింజ్ ఎన్నడూ తగలని స్టాంపుకు విలువ ఎక్కువ.

ఇప్పుడు ఈ బంక గురించి ఆలోచించండి. ఎన్నో ఏండ్లు చాలా దేశాలు స్టాంపులకు గమ్ అరబిక్ వాడినయ్. అదేంటిది? తుమ్మ జాతి చెట్ల బంకనే. తర్వాత పీవీఏ లాంటి రసాయనపు బంకలు వచ్చినయ్. ఏదైనా సరే, నాలుకతోని తడి చేస్తే అతుక్కోవాలె, అదే దాని పని. అంటే తడి కోసం ఎదురుచూసే పదార్థాన్ని మనం యాభై ఏండ్లు తడి తగలకుండ ఉంచాలె. అసలు చిక్కు ఇదే. బీరువాల పెట్టినా గాలిల ఉన్న తేమ దానికి చాలు. తేమ ఎక్కువైతే బంక మెత్తబడి పక్కదానికి అంటుకుంటది. తక్కువైతే ఎండి పగుళ్ళు వస్తయ్, స్టాంపు చుట్ట చుట్టుకుంటది.

కాగితం ఒక రకంగా, బంక ఒక రకంగా సాగుతయ్, ముడుచుకుంటయ్. అందుకని ఒక్కసారి వచ్చే తేమ కంటే మాటిమాటికి ఎక్కి దిగే తేమ ఎక్కువ పాడు చేస్తది. మన దగ్గర ఎట్ల ఉంటది? మే నెల మధ్యాహ్నం పెదవులు పగిలేంత పొడి. ఆగస్టుల గోడకు చెయ్యి పెడితే చెమ్మ. చల్లటి దేశాలోళ్ళు రాసిన పుస్తకాలల్ల ఉండే సలహాలు మనకు సగమే పనిచేసేది అందుకే.

కోరుట్ల ఆల్బమ్: ట్రంకు పెట్టె

మామ ఆల్బమ్‌ను భద్రంగా ఉంచాలనే ఇనుప ట్రంకు పెట్టెల పెట్టిండు. అడుగున పాత పేపర్ పరిచి, దాని మీద ఆల్బమ్ పడుకోబెట్టి, పైన పట్టా పాస్‌బుక్కులు, ఫొటోలు, బరువంతా దాని మీదనే. ట్రంకు ఉన్నది బయటి గోడకు ఆనించి. వానకాలం ఆ గోడ నెమ్ము పడతది. అదే అర్రల ఎండిన పసుపు సంచులు కూడా ఉండేటియి. మా దిక్కు పసుపు పండించే ఇండ్లల్ల అది మామూలే.

ఏమైంది? ఒకటి, బరువుకు, తేమకు బ్లాకులు పేజీకి అంటుకున్నయ్. రెండు, గోధుమరంగు చుక్కలు. వీటిని స్టాంపులోళ్ళు రస్ట్ అంటరు గాని ఇనుప తుప్పు కాదు, ఎక్కువగా బూజు వల్ల వచ్చే మచ్చలు. గాలిల తేమ అరవై ఐదు శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజుకు పండుగే. మూడు, పాత పుస్తకాలల్ల ఉరికే సన్నటి వెండిరంగు పురుగులు. కాగితం, బంక, గంజి వాటికి తిండి. నాలుగు, పేజీల అంచులకు పసుపు దుమ్ము. అది తుడిస్తే ఇంకా లోపటికి పోతది.

మామ తప్పు ఏమన్న ఉన్నదా? ఆయన దొంగల నుంచి కాపాడిండు. వచ్చింది దొంగ కాదు, తేమ.

జగిత్యాల ఆల్బమ్: నా తెలివి

ఇగ నా సంగతి. తాత ఆల్బమ్ మా ఇంటికి వచ్చినప్పుడు నేను బీటెక్ల ఉన్న. పాతది చూస్తే చిన్నతనం అనిపించింది. తళతళ మెరిసే ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్ ఒకటి ఆన్‌లైన్ల తెప్పించిన. తెరవంగనే కొత్త రెయిన్‌కోటు వాసన. నాకు అది కొత్తదనపు వాసన అనిపించింది. వేలితో పట్టి ఒక్కో బ్లాక్ అందుల దోపిన, కూలర్ ఉన్న అర్రల షెల్ఫ్ మీద పెట్టిన, నౌకరికి హైదరాబాద్ పోయిన.

ఆ వాసన పీవీసీది. పీవీసీ ప్లాస్టిక్ వంగేటట్టు ఉండాలని అందుల మెత్తబరిచే రసాయనాలు కలుపుతరు. అవి ఏండ్లు గడిచినకొద్దీ బయటికి ఊరుతయ్. సిరాను పట్టుకుంటయ్, కాగితాన్ని జిడ్డు చేస్తయ్. దానికి తోడు కూలర్. ఎండకాలం గాలి పొడిగా ఉంటది కదా అనుకుంటం. కానీ కూలర్ చేసే పనే నీళ్ళను గాలిల కలుపుడు. తలుపు మూసిన అర్రల కూలర్ నడిస్తే మే నెలల కూడా లోపట వానకాలమే. రాత్రి తేమ, పగలు కూలర్ బంద్ కాంగనే పొడి. రోజుకొకసారి ఎక్కుడు, దిగుడు.

ఆల్బమ్ తెరిచి వేమన స్టాంపును తీయబోతే రంగు ప్లాస్టిక్ మీద ఉండిపోయింది. మా అమ్మ పక్కనే ఉన్నది. ఏమనలేదు. "మీ తాత చెయ్యి కడుక్కోకుండ దాన్ని ముట్టనిచ్చేటోడు కాదు బిడ్డా" అన్నది, అంతే. తిట్టినా బాగుండు అనిపించింది.

సిరిసిల్ల ఆల్బమ్: పట్టుచీర లెక్క

చిన్నమ్మకు స్టాంపుల గురించి ఒక్క ముక్క తెల్వదు. "నాయిన ఇచ్చిండు, పట్టుచీరలతోని పెట్టిన" అన్నది. ఆమె చేసింది మొత్తం ఇదే: మేడ మీది అర్రల, ఇంటి నడిమి గోడకు ఉన్న కట్టె బీరువాల, చీరల పక్కన ఆల్బమ్‌ను నిలబెట్టింది. చీరలకు వాసన పడుతదని నాఫ్తలీన్ గోలీలు ఎన్నడూ వేయలే. ఏడాదికి రెండుసార్లు, బతుకమ్మ పండుగ అయినంక ఒకసారి, ఉగాది ముందట ఒకసారి, చీరలు తీసి మడత మార్చేది. అప్పుడు ఆల్బమ్ కూడా తీసి, ఫ్యాన్ కింద కాసేపు పేజీలు తిప్పి మళ్ళ పెట్టేది. ఎండల పెట్టేది కాదు, నీడలనే.

చిన్నాయన పవర్‌లూమ్ మీద నూలు బట్ట నేసినోడు. నేను తేమ గురించి పెద్ద లెక్చర్ ఇస్తుంటే ఆయన నవ్విండు. "గాలి ఎండిపోతే దారం పుటుక్కున తెగుతది. మరీ తడిగా ఉంటే బరువెక్కుతది. సాంచెల కాడ నిలబడ్డోనికి చెప్తున్నవా ఇది?" అన్నడు. నిజమే. నూలైనా, కాగితమైనా, పుట్టింది చెట్టు నుంచే. తేమను తాగుడు, వదులుడు రెండింటికీ ఒకటే గుణం.

మూడు ఇండ్లు చూస్తే సైన్స్ రుజువైందని నేను అనను. చిన్నమ్మది మేడ మీది అర్ర, అదృష్టం కూడా ఉన్నది. కానీ ఆమె చేసిన ప్రతి పనికీ కారణం ఉన్నది. అది ఇప్పుడు వరుసగా చెప్తా.

మరి మనం ఏం చేయాలె

మొదటిది, చెయ్యి. చెమట, జిడ్డు, పసుపు ఏదున్నా బంక మీద వేలిముద్ర అచ్చు పడతది. స్టాంపు చిమ్టా వాడండి. కొస పదునుగా ఉండొద్దు, చదునుగా, గుండ్రంగా ఉండాలె. బ్యూటీ కిట్ల వచ్చే చిమ్టాకు గీతలు ఉంటయ్, అది వద్దు.

రెండోది, ప్లాస్టిక్. అడుగున త్రిభుజంల ఒక అంకె ఉంటది కదా. 3 ఉంటే పీవీసీ, వద్దే వద్దు. 1 అంటే పాలిస్టర్ జాతి, 5 అంటే పాలిప్రొపిలీన్, ఇవి రెండూ నడుస్తయ్. మైలార్ అని అమ్మేది పాలిస్టరే. అంకె లేకపోతే ముక్కును నమ్మండి, రెయిన్‌కోటు వాసన వస్తే వాపస్ చేయండి. స్టాక్‌బుక్ కొంటే పేజీలు ఆమ్లం లేనివని రాసి ఉన్నదా చూడండి. ఖరీదైన బ్లాకులకు మౌంట్లు దొరుకుతయ్, వెనుక నలుపు, ముందు పారదర్శకం, స్టాంపు లోపట జారుతది. మౌంట్‌ను పేజీకి అతికించేటప్పుడు తడి చాలా కొద్దిగా చేయండి. స్టాంపును అది ఆరినంకనే దోపండి.

మూడోది, నిలబెట్టుడు. ఆల్బమ్‌లను లైబ్రరీల పుస్తకాల లెక్క నిలబెట్టాలె. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింది పేజీల బంక నొక్కుకపోతది. మరీ బిగ్గరగా ఇరికియ్యొద్దు, గాలి ఆడాలె.

నాలుగోది, జాగ. బయటి గోడ, బాత్‌రూమ్ గోడ, వంటింటి గోడ వద్దు. రేకుల కింద, స్లాబు కింద ఉన్న పై అటక వద్దు, అక్కడ మే నెలల కొలిమే. కూలర్ అర్ర వద్దు. వెలుతురు పడే అద్దాల షోకేస్ వద్దు, ఎండ రంగులను తింటది. ఇంటి నడిమి గోడ, నడుమంత ఎత్తు, కట్టె బీరువా అయితే మంచిది. ఇనుప బీరువా అయితే గోడకు నాలుగు వేళ్ళ దూరం జరపండి.

ఐదోది, తేమను కొలుసుడు. తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్ కొన్ని వందల రూపాయలకే వస్తది. బీరువాల పెట్టండి. నలభై ఐదు నుంచి యాభై ఐదు శాతం మధ్యల ఉంటే నిమ్మళంగా ఉండొచ్చు. వానకాలం పైకి పోతే సిలికా జెల్ పొట్లాలు పెట్టండి, స్టాంపులకు తగలకుండ బీరువా మూలల. నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారితే తేమ నిండిందని అర్థం. వేడి చేస్తే మళ్ళ పనిచేస్తయ్, కానీ వంట గిన్నెలల్ల వేడి చేయొద్దు. చెప్పుల డబ్బల వచ్చిన పొట్లం పెడితే లాభం లేదు, అది మన దగ్గరికి రాకముందే కడుపు నింపుకొని ఉంటది. మీటర్ నలభై కంటే కిందికి పడితే సిలికా జెల్ తీసేయండి, మరీ ఎండినా బంక పగులుతది.

ఇగ కాలాన్ని బట్టి పని పెట్టుకోండి. వానకాలం ఆల్బమ్ తెరవొద్దు. జిప్ కవర్ల వేసి మూయొద్దు, అప్పుడు ఉన్న తేమనే లోపట బంధించినట్టయితది. దసరా అయినంక, పొడిరోజు చూసి తెరిచి, నీడల గాలి తగలనియ్యండి, ఒక్కో పేజీ చూడండి. మార్చుడు, మౌంట్లు పెట్టుడు, కొత్తవి సర్దుడు, అన్ని పనులూ చలికాలంలనే పెట్టుకోండి. ఎండలు ముదరకముందే ఇంకొకసారి చూసి, జాగ సరిగ్గా ఉన్నదా అనేది పరికించండి.

వద్దన్నవి గబగబా చెప్తా: సెల్లోటేప్ వద్దు, రబ్బరు బ్యాండు వద్దు, స్టాంపు వెనుక పెన్సిల్ రాత వద్దు, నాఫ్తలీన్ వద్దు, పేజీల నడుమ వేపాకు వద్దు. లామినేషన్ అయితే అసలే వద్దు. లామినేట్ చేసిన స్టాంపు ఫొటోతోని సమానం.

కొన్ని స్టాంపులకు వేరే ఇల్లు కావాలె. 2006ల చందనం వాసన స్టాంపు, 2007ల గులాబీ, 2008ల మల్లె వచ్చినయ్. ఇవి వేరే కవర్ల ఉంచండి. 2011ల ఖాదీ బట్ట మీద అచ్చేసిన వంద రూపాయల గాంధీ స్టాంపు వచ్చింది. అది నేసిన బట్ట, పక్కల దారాలు లేచే గుణం ఉంటది. అది వచ్చిన ఫోల్డర్లనే ఉండనియ్యండి. మా చిన్నాయనకు దాన్ని చూపిస్తే స్టాంపు అని నమ్మలేదు, ముందు పోగులు లెక్కపెట్టిండు.

ఇప్పటికే అతుక్కుంటే

గుంజకండి. బ్లేడు పెట్టకండి. కుక్కర్ ఆవిరి చూపియ్యకండి. తేమను మెల్లగ ఎక్కించే మూత డబ్బ పద్ధతి ఒకటి ఉన్నది. అడుగున తడి స్పాంజి, మీద జాలీ, జాలీ మీద స్టాంపు. నీళ్ళు తగలొద్దు, గంటల తరబడి చూసుకుంట ఉండాలె. ఊడి వస్తది గాని బంక చెదిరినట్టు తెలుస్తది. అందుకే ముందు విలువ లేని స్టాంపు మీద నేర్చుకోండి. నీళ్ళల్ల వేస్తే బొమ్మ దక్కొచ్చు, బంక పోతది, ఇగ అది మింట్ కాదు. కొంతమంది కొత్త బంక పూసి మింట్ అని అమ్ముతరు. అది మోసం. తెలిసినోళ్ళు పళ్ళ అంచుల కాడ చూసి పట్టేస్తరు.

మామ ఆల్బమ్‌ల పదకొండు బ్లాకులు ఈ డబ్బ పద్ధతితోని తీసినం. మచ్చలు పోలేదు. పోగొట్టాలని బ్లీచింగ్ లాంటిది ఏమీ చేయలే. బూజు పట్టినవాటిని మంచివాటికి దూరంగా, వేరే కవర్ల పెట్టినం.

పైసల సంగతి కూడా చెప్పాలె

ఇది వినంగనే కొందరికి లక్షలు కనబడతయ్. ఆగండి. 1948ల గాంధీ పది రూపాయల స్టాంపు మీద సర్వీస్ అని అచ్చేసింది గవర్నర్ జనరల్ ఆఫీసు కోసం వందే వేసిండ్రు. దాని నాలుగు స్టాంపుల ముక్క 2017ల ఐదు లక్షల పౌండ్లకు పోయింది. నిజమే. కానీ తాత కొన్నటువంటి స్టాంపులు లక్షల సంఖ్యల అచ్చయినయ్. మంచిగ ఉన్నా వాటికి వచ్చేది కొద్ది పైసలే. పాత స్టాంపు, పాత నాణెం లక్షలకు కొంటమని ముందు ఫీజు అడిగేటోళ్ళను నమ్మకండి. పాత నోట్లు, నాణేల పేరు మీద తమ పేరు వాడుకొని మోసాలు చేస్తున్నరని రిజర్వ్ బ్యాంకే 2021ల హెచ్చరించింది.

మరి పైసలు రానప్పుడు ఇంత తిప్పలెందుకు? ఎందుకంటే మా తాత రెండు రూపాయల నలభై పైసలు పెట్టి ముగ్గురు పిల్లలకు సమానంగా ఒకటి ఇద్దామనుకున్నడు. అది ముగ్గురి దగ్గర ఉన్నప్పుడే ఆ లెక్క సరిపోతది. ఇప్పుడు సరిపోవట్లేదు. మా అమ్మ వాటాకు బ్లాక్ లేదు. మొన్న చిన్నమ్మ తన బ్లాక్‌ను ఇద్దామని తీసింది. "అక్కా, నడిమికి చింపుకుందామా" అన్నది. అమ్మ వద్దన్నది. బ్లాక్‌ను చింపితే బ్లాక్ కాదు కదా. అది సిరిసిల్లలనే, పట్టుచీరల పక్కనే ఉన్నది. మా అమ్మ ఉగాదికి పోయి చూసొస్తది.

మీ ఇంట్ల కూడా ఎవరో దాచిన స్టాంపులు ఎక్కడో ఒక పెట్టెల ఉండొచ్చు. ఇప్పుడే ఉరికి తీయకండి. వాన లేని రోజు చూసి, చేతులు కడిగి, తుడుచుకొని, మంచిగ ఆరినంక తెరవండి. ఏ గోడకు ఉన్నది, ఏ ప్లాస్టిక్ల ఉన్నది, పడుకున్నదా నిలబడ్డదా, ఈ మూడు చూస్తే సగం పని అయినట్టే.

వచ్చే ఎపిసోడ్‌ల నిజాం కాలం స్టాంపులు చూద్దాం. హైదరాబాద్ సంస్థానం 1869లనే సొంత స్టాంపు తెచ్చింది. తర్వాతి వాటి మీద ధర తెలుగుల కూడా ఉండేది. 1931 వరుసల చార్మినార్ కూడా ఉన్నది. అప్పటిదాకా ఉంట మరి. నమస్తే.